బిడ్డకు నా రంగు వస్తుందేమోనని భయంగా ఉంది

ప్రశ్న:

"అక్కా, నాకు 26 ఏళ్లు. మాది పరకాల దగ్గర ఊరు. పెళ్లయి రెండేళ్లు, హన్మకొండలో ఉంటున్నాం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఇప్పుడు నాకు ఆరో నెల. నేను నలుపు, మా ఆయన ఎర్రగా ఉంటారు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు 'పిల్ల జర రంగు తక్కువ' అని కట్నం రెండు లక్షలు పెంచారు. బాపు అర ఎకరం అమ్మి ఇచ్చిండు. ఇప్పుడు మా అత్తమ్మ రోజూ రాత్రి కుంకుమపువ్వు వేసిన పాలు ఇస్తుంది. 'బిడ్డకు నీ రంగు రాకుంటే సాలు' అంటుంది. తిట్టినట్టు అనదు, దేవునికి మొక్కినట్టు అంటుంది. ఆశమ్మ ఇచ్చిన ఐరన్ గోలీలు మింగితే పిల్ల నల్లగా పుడుతుందని మా ఆడబిడ్డ చెప్పింది. రెండు నెలల నుంచి అవి డబ్బాలోనే ఉన్నాయి. నేను ఇంటర్ నుంచి మెడికల్ షాపులో కొన్న క్రీమ్ రాస్తున్నాను. ఏడాది నుంచి పార్లర్‌లో ఇచ్చిన నైట్ క్రీమ్ కూడా. ఆపితే ముఖం ఎర్రబడి మంట పుడుతుంది, అందుకే మళ్లీ రాస్తున్నాను. ఫోన్ తెరిస్తే అందరూ 'నీ రంగును నువ్వు ప్రేమించు' అంటున్నారు. నాకు చేతకావడం లేదు. బిడ్డ నాలాగే పుడితే దాని ముఖం చూసి నేనే బాధపడతానేమో. ఈ మూడు నెలల్లో నన్ను నేను ప్రేమించుకోవడం ఎట్లా?"

జవాబు:

చెల్లీ, నీ అసలు ప్రశ్న ఉత్తరం చివర్లో ఉంది. కానీ ఇవాళే చేయాల్సిన పని మధ్యలో, క్రీముల దగ్గర ఉంది. ముందు అది తేల్చుకుందాం.

పార్లర్ వాళ్లిచ్చిన డబ్బా మీద ఏముందో ఒకసారి చూడు. తయారుచేసిన కంపెనీ పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఏమేం కలిపారో ఆ జాబితా, ఇవన్నీ ఉన్నాయా? చాలామంది దగ్గర ఉండేవి చిన్న గుండ్రటి డబ్బాలు. వాటి మీద మనకు తెలియని భాషలో రెండు ముక్కలు తప్ప ఏమీ ఉండదు. అలాంటి కొన్ని క్రీముల్లో పాదరసం దొరికింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని పాదరసం అడ్డుకుంటుంది, అందుకే వారాల్లోనే తేడా కనిపిస్తుంది. అది చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కడుపులో బిడ్డకూ చేరుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరిని డాక్టర్లు ఆరా తీస్తే, వాళ్లలో చాలామంది తెల్లబడే క్రీములు వాడుతున్నారని తేలింది. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఫేస్ క్రీముల్లో పాదరసం కలపడమే నిషేధం. అయినా డబ్బాలు వస్తూనే ఉన్నాయి. డబ్బా మీద 'మెర్క్యురీ', 'మెర్క్యురస్ క్లోరైడ్', 'కాలొమెల్' అని ఉన్నా, బంగారం వెండి నగలకు తగలనివ్వొద్దని రాసి ఉన్నా అనుమానించాల్సిందే. నీ డబ్బాలో పాదరసం ఉందని నేను అనడం లేదు. లేదని చెప్పగలిగేవాళ్లు కూడా ఎవరూ లేరు కాబట్టి ఈ రాత్రి నుంచే అది బంద్. పారేయకు, కవర్లో పెట్టి గట్టిగా మూతికట్టు. డాక్టర్‌కు చూపించాలి.

మెడికల్ షాపు ట్యూబు సంగతి వేరు. నువ్వు చెప్పిన లక్షణాలు, రాసినంత కాలం బాగుండటం, ఆపగానే ఎర్రబడి మండటం, స్టెరాయిడ్ క్రీములు ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కనిపించేవే. ట్యూబు మీద మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరేదైనా ఉంటే అది స్టెరాయిడే. దానితోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉన్న ట్యూబులు మన ఊళ్లలో బాగా అమ్ముడుపోతాయి. ఇవి డాక్టర్లు మంగు మచ్చలకు కొన్ని వారాలు రాసే మందులు. వాటిని మనవాళ్లు పౌడర్ రాసుకున్నట్టు ఏళ్లకేళ్లు రాస్తున్నారు. చర్మం పల్చబడుతుంది, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన బిగించింది. నీకు మాత్రం ఇన్నేళ్లూ ఒక్క చీటీ అడగకుండా అమ్మారు.

హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ గర్భిణులు వాడొద్దని డాక్టర్లు చెబుతారు. ఇన్నాళ్లూ రాశాను, బిడ్డకు ఏమైపోయిందో అని రాత్రంతా టెన్షన్ పడకు. వాడినంత మాత్రాన ఏదో జరిగి తీరుతుందని కాదు. ఈ వారంలోనే ఆ ట్యూబు, ఆ డబ్బా రెండూ పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లు. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, అక్కడైనా సరే. ఆరో నెల అని ముందే చెప్పు. నిన్ను చూస్తున్న కాన్పుల డాక్టర్‌కూ చెప్పు, అవసరమనుకుంటే మూత్రంలో పాదరసం పరీక్ష రాస్తారు. ఆపాక ముఖం మండుతుంది, కొన్ని వారాలు ఇబ్బందిగానే ఉంటుంది. అది చూసి మళ్లీ ట్యూబు మూత తీయకు. అప్పటిదాకా వాసన లేని మామూలు మాయిశ్చరైజర్, ఎండలో గొడుగు చాలు. బిడ్డ పుట్టాక కూడా, పాలిచ్చే రోజుల్లో, డాక్టర్‌ను అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.

ఇంకోటి. గర్భంతో ఉన్నప్పుడు మెడ, చంకలు, పొట్ట మీది గీత నల్లబడతాయి, ముఖం మీద మంగు రావచ్చు. హార్మోన్ల వల్ల వచ్చే మార్పు అది. కాన్పయ్యాక చాలావరకు తగ్గుతుంది. 'ఇంకా నల్లబడ్డవ్' అని ఎవరైనా అంటే కొత్త క్రీమ్ కోసం పరుగెత్తాల్సిన పని లేదు.

ఇక ఐరన్ గోలీలు. వాటిని ఇవాళ అన్నం తిన్నాక డబ్బాలోంచి బయటికి తీయి. బిడ్డ రంగుకూ ఐరన్‌కూ ఏ సంబంధమూ లేదు. ఆ గోలీ మింగితే విరేచనం నల్లగా అవుతుంది, అంతే. బహుశా ఈ నమ్మకం అక్కడే పుట్టి ఉంటుంది. ప్రభుత్వం గర్భిణులకు ఇచ్చే ఆ ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజూ ఒకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలని లెక్క. కాన్పయ్యాక మళ్లీ 180 రోజులు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో పరీక్షించిన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. నెత్తురు తక్కువైతే కాన్పులో రక్తస్రావాన్ని ఒళ్లు తట్టుకోలేదు, నెల తక్కువ కాన్పులు, బరువు తక్కువ బిడ్డలు. మీ ఆడబిడ్డ చెడు కోరి చెప్పి ఉండదు, ఆమెకు ఎవరో చెప్పారు. కానీ ఈ ఇంట్లో రంగు భయం ఇప్పుడు నెత్తురు దాకా వచ్చింది. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది కట్నం కాదు, ఇది. రెండు నెలల గోలీలు పోయాయి కాబట్టి ఈసారి చెకప్‌లో హిమోగ్లోబిన్ చూపించుకో. 11 కంటే తక్కువుంటే మోతాదు డాక్టర్ చెబుతారు.

ఆ గోలీలోని ఫోలిక్ యాసిడ్ గురించి నీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. మనిషి చర్మం రంగు మీద ఏళ్లుగా పనిచేసిన నీనా జబ్లాన్‌స్కీ, జార్జ్ చాప్లిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో ఒక వాదన ముందుకు తెచ్చారు. తీవ్రమైన ఎండ ఒంట్లోని ఫోలేట్‌ను, అంటే ఫోలిక్ యాసిడ్ సహజ రూపాన్ని, పాడుచేస్తుంది. కడుపులో బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడాలంటే ఆ ఫోలేటే కావాలి. ఎండ ఎక్కువున్న నేలల మీద నల్లటి చర్మం నిలిచింది ఈ రక్షణ వల్లే కావచ్చని వాళ్ల మాట. అంటే మీ ఇంట్లో ఏ రంగు గురించి దేవునికి మొక్కుకుంటున్నారో, ఆ రంగు తల్లుల గర్భాలను కాపాడటానికి వచ్చి ఉండొచ్చు. అలాగని గోలీ మానేయకు, అది వేసుకోవాల్సిందే.

కుంకుమపువ్వు పాలు తాగు. రుచిగా ఉంటాయి, చిటికెడు వేస్తే నష్టం లేదు. రంగు మాత్రం మారదు. పాలల్లోని కాల్షియం ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి రెండూ ఒకేసారి వద్దు. గోలీ మధ్యాహ్నం, పాలు రాత్రి. చాయ్‌కీ గోలీకీ మధ్య కూడా గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా మంచిది.

బిడ్డ రంగు గర్భం నిలిచిన రోజే జన్యువుల్లో తేలిపోయింది. నువ్వు తినేదీ తాగేదీ దాన్ని మార్చలేవు. ఒక్క జన్యువు కాదు, చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఎస్‌ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒక చిన్న మార్పు మనవాళ్ల రంగు తేడాల్లో గట్టి పాత్ర పోషిస్తుందని చూపించారు. అదీ మొత్తం కథ కాదు. మీ ఇద్దరి నుంచీ ఏ ముక్కలు వచ్చి కలిశాయో ఎవరికీ తెలియదు. ఒకే తల్లి కడుపున ఒకరు ఎర్రగా, ఒకరు చామనచాయగా పుట్టని ఇల్లు వరంగల్‌లో ఎన్ని ఉన్నాయో చెప్పు.

పుట్టిన రోజు జరిగేది నీకు ఇప్పుడే చెబుతాను, సిద్ధంగా ఉండు. బట్టలో చుట్టిన బిడ్డను తెస్తారు. ఇంట్లో పెద్దామె ఎవరో మొదట చెవి అంచు మడిచి చూస్తుంది. తర్వాత గోళ్ల చుట్టూ చూస్తుంది. 'ఇప్పుడు ఎర్రగున్నది గని, చెవులు జూడు, తల్లి రంగే' అని తీర్పు. ఆ పెద్దామె లెక్క పూర్తిగా తప్పు కూడా కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పల్చటి చర్మం కింద నెత్తురు కనిపించి ఎర్రగా ఉంటుంది, అసలు రంగు తేలడానికి వారాలు, నెలలు పడుతుంది. తప్పేమిటంటే ఆ గంటలో అందరూ అది వెతకడం. ఆ గంటలో అడగాల్సినవి ఇవీ: బరువు రెండున్నర కిలోలు దాటిందా, గంటలోపు తల్లి పాలు పట్టిందా, ఏడ్చిందా. పుట్టిన 24 గంటల దాకా స్నానం కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. శనగపిండితో రుద్ది రంగు తేవాలని ఎవరైనా కూర్చుంటే లేపేయ్. ఆ లేత చర్మం చిట్లి పుండ్లు పడుతుంది, రంగు ఎక్కడికీ పోదు. రెండో రోజో మూడో రోజో బిడ్డ పసుపుపచ్చగా కనిపిస్తే 'పచ్చటి ఛాయ వచ్చింది' అని మురిసిపోయేవాళ్లూ ఉంటారు. అది కామెర్లు కావచ్చు. చామనచాయ పిల్లల్లో ఒంటి మీద తేలిగ్గా తెలియదు. వెలుతురులో కళ్ల తెల్లగుడ్డు చూడండి, పచ్చగా ఉంటే వెంటనే డాక్టర్‌కు చూపించండి.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న.

మూడు నెలల్లో నీ రంగును ప్రేమించడం నీకు రాదు. రాకపోయినా ఫరవాలేదు. ఇది నేను కావాలనే మొదట చెబుతున్నాను. నువ్వు ఫోన్‌లో చూసే ఆ మాట, నల్లగా ఉన్న ఆడపిల్లకు ఇంకో పరీక్ష పెడుతోంది. నిన్నటిదాకా తెల్లబడలేదని ఫెయిల్, ఇవాళ నలుపును ప్రేమించలేదని ఫెయిల్. మన మోకాళ్లను మనం ప్రేమిస్తున్నామా? నొప్పి లేకపోతే అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. రంగు విషయంలో కూడా నువ్వు ముందు చేరాల్సింది అక్కడికే. పొద్దున అద్దం ముందు నిలబడి ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, స్కూల్ టైమ్ అయిందని బయటపడటం. మధ్యలో రంగు గురించి తీర్పు లేకపోవడం.

అది ఎందుకంత కష్టమంటే నీ రంగుకు బయటివాళ్లు ధర కట్టారు. నిజంగా, రూపాయల్లో. రెండు లక్షలు, అర ఎకరం. అప్పటి నుంచి నువ్వు ఏదో బాకీ పడినట్టు బతుకుతున్నావు. ఆ బాకీ బిడ్డకు బదిలీ అవుతుందేమో అన్నదే నీ భయం. నీ ఉత్తరం రెండుసార్లు చదివితే నాకు అర్థమైంది ఇదే. కట్నం అడగడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం. నేరం చేసినవాళ్లకు లేని తలవంపు నీకెందుకు? అడిగినవాళ్లది ఆశ. ఇచ్చిన మీ బాపుది బిడ్డ పెళ్లి ఆగిపోతుందేమో అన్న దిగులు. నీ చర్మం ఆ లావాదేవీలో సాకు మాత్రమే. రంగు ఉంటే చదువు తక్కువ అనేవారు, చదువు ఉంటే ఎత్తు తక్కువ అనేవారు.

ఈ ధర కట్టే వ్యాపారం మీ పెళ్లితో మొదలైంది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో మన మార్కెట్‌లోకి వచ్చింది. నలభై అయిదేళ్లు తెల్లబడితేనే ఉద్యోగం, తెల్లబడితేనే సంబంధం అని ప్రకటనలు చూపించి, 2020లో పేరులోంచి ఫెయిర్ అనే మాట తీసేసి గ్లో అని పెట్టారు. అదే ఏడాది ఒక పెద్ద పెళ్లి సంబంధాల వెబ్‌సైట్ రంగును బట్టి వెతికే సదుపాయాన్ని ఎత్తేసింది. మంచిదే. కానీ మన పెళ్లిళ్ల పేరయ్య నోట్లో ఆ బటన్ ఇంకా అలాగే ఉంది.

నిన్ను ఓదార్చడానికి కృష్ణుడు నలుపు, ద్రౌపది నలుపు అని నేను చెప్పను. అవి నీకు చిన్నప్పటి నుంచీ చెప్పే ఉంటారు, పని చేసి ఉండవు. పాలంపేట వెళ్లినప్పుడు చూడు. 1213 నాటి రామప్ప గుడి చూరు కింద నిగనిగలాడే నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటాయి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. అందరూ తలెత్తి 'ఎంత అందం' అంటారు. తిరిగొచ్చే బస్సులో అదే నోటితో ఎవరి కోడలో రంగు తక్కువని మాట్లాడుకుంటారు. రాతిలో నలుపును మెచ్చుకోవడం మనవాళ్లకు ఎప్పుడూ కష్టం కాలేదు.

నీకు పనికొచ్చే దారి నాకు ఒకటి కనిపిస్తోంది, అది నీ ఉద్యోగంలోనే ఉంది. నువ్వు టీచర్‌వి. మీ స్కూల్ వార్షికోత్సవంలో డాన్స్‌కు పిల్లల్ని ఎంచేటప్పుడు ముందు వరుసలో ఎవరు నిలబడతారు? అతిథికి పూలగుత్తి ఇవ్వడానికి ఎవరిని పంపుతారు? సరస్వతి వేషం ఎవరికి, శూర్పణఖ వేషం ఎవరికి? నువ్వూ ఆ పిల్లవే కదా, ఎప్పుడో వెనక వరుసలో నిలబడ్డదానివి. రేపటి నుంచి ఆ ఎంపిక నీ చేతిలో ఉన్నప్పుడల్లా, బాగా ఆడే పిల్ల నల్లగా ఉంటే ముందుకు తీసుకురా. ఆ పిల్ల ముఖాన్ని దగ్గర్నుంచి చూడు. తల్లి రుద్దిన పౌడర్ మెడ దగ్గర గీతలా ఆగిపోయి ఉంటుంది, దాని కింద అసలు ముఖం చక్కగా నవ్వుతూ ఉంటుంది. నీ ముఖాన్ని నువ్వు నేరుగా చూడలేకపోతున్నావు, సరే. నీ రంగే ఉన్న ఇంకో ముఖాన్ని చూడటం నీకు కష్టం కాదు. చూస్తూ చూస్తూ కళ్లు అలవాటు పడతాయి. బిడ్డ పుట్టేసరికి ఆ కళ్లు నీకు ఉంటాయి, ప్రేమ సంగతి తర్వాత చూద్దాం.

బిడ్డను మొదటిసారి చూసినప్పుడు గుండెలో ఒక్క క్షణం చివుక్కుమంటే కంగారు పడకు. ఇన్నేళ్లు విన్న మాటలు ఆ క్షణంలో నోరు తెరుస్తాయి. అది నీకు బిడ్డ మీద ప్రేమ లేకపోవడం కాదు. కాన్పయ్యాక ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డను ముట్టుకోవాలనిపించకపోతే దాచుకోవద్దు. డాక్టర్‌కు చెప్పు, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చెయ్యి. ఏ టైమ్‌లోనైనా తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

బిడ్డ ముందు నీ గురించి నువ్వు 'నల్లదాన్ని, నాకేం నప్పుతుంది' అనకు. మనసులో అనుకున్నా సరే, పైకి అనకు. ఇది ఒక్కటే నేను నీకు నియమంగా పెడుతున్నాను. తల్లి తన గురించి అన్న మాటను నల్లగా ఉన్న పిల్ల తనకూ వేసుకుంటుంది.

అత్తమ్మతో గొడవ పెట్టుకోమని నేను అనను. రోజూ పాలు కాచి తెచ్చి ఇచ్చే మనిషి మీద కోపం నిలబడదు కూడా. ఈసారి చెకప్‌కు ఆమెను వెంట తీసుకుపో. ఐరన్ గోలీ గురించి, రంగు గురించి డాక్టర్‌తో ఆమె ముందే అడిగించు. నువ్వు చెబితే కోడలి మాట, డాక్టరమ్మ చెబితే మాట. 'నీ రంగు రాకుంటే సాలు' అన్నప్పుడు మాత్రం ఊరుకోవద్దు. 'అత్తమ్మా, నా రంగే వస్తే ఎత్తుకోవా?' అని అడుగు. నవ్వుతూనే అడుగు. జవాబు కోసం ఆగు.

చివరికి ఒకటి. నీ ఉత్తరమంతా వెతికాను. మీ ఆయన ఎర్రగా ఉంటారని తప్ప ఆయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు. రెండు లక్షలు పెంచినప్పుడు ఏమన్నారు? పాల గ్లాసు దగ్గర ఆ మాట వినిపించినప్పుడు ఏమన్నారు? ఇది ఆయనకు చదివి వినిపించు. కడుపులో ఉన్నది ఆయన బిడ్డ కూడా. వాళ్ల అమ్మకు, అక్కకు చెప్పాల్సింది నువ్వు కాదు, ఆయన. ఎంజీఎంకు ఆ ట్యూబు, డబ్బా పట్టుకుని నీతో పాటు ఆయన రావాలి, ఒక పూట సెలవు పెట్టయినా సరే. కాన్పు రోజు వరండాలో ఎవరైనా బిడ్డ చెవి మడిచి చూడబోతే, ముందుగా బిడ్డను చేతుల్లోకి తీసుకోవాల్సిందీ ఆయనే.